మూట ఎవరి భుజముమీద?



పూర్వము మన గ్రామములలో కుటుంబమంతయు ఇంటికి తాళమువేసి బయలుదేరుట అరుదు. పెండ్లికో, చావుకో, ఆసుపత్రికో, ఏటికొకసారి జరుగు మహాసభలకో తప్ప ప్రయాణము లేదు. ఇప్పుడు కాలము మారినది. పట్టణములో ఉద్యోగము చేయుచున్న కుమారుడో కుమార్తెయో, “అమ్మా, నాన్నా, మీరు ఎన్నడును ఎక్కడికిని పోలేదు, ఈ సెలవులకు అందరము కలిసి పోదము” అని అడుగుచున్నారు. ఒకరు అరకు లోయకు, మరియొకరు కన్యాకుమారికి, కొందరు సముద్రము దాటి అండమాను దీవులకును పోవుచున్నారు.

ఇట్టి విహారము విశ్వాసులకు తగునా అని కొందరు పెద్దలు అడుగుదురు. తగునని మేము నమ్ముచున్నాము. మార్కు సువార్త 6వ అధ్యాయములో, భోజనమునకైనను తీరికలేక అలసిన శిష్యులను చూచి ప్రభువు వారిని సోమరులని గద్దింపలేదు. జనులకు దూరముగా కొంత విశ్రమింపవలెనని తానే వారిని పిలిచెను. వారు దోనె యెక్కి బయలుదేరిరి. కావున పోవచ్చునా పోరాదా అనుదానికంటె, ఎట్లు సిద్ధపడి పోవలెను అనునదే మనము ఆలోచింపదగిన ప్రశ్న. ఒక కుటుంబము దేనికి భయపడునో, దేనిని ప్రేమించునో, ఎవరిమీద భారము మోపునో, సామాను సర్దు రాత్రి బాగుగా తెలియును.

ఒక కుటుంబము అండమానుకు పోవ నిశ్చయించినదనుకొందము. అది మనకు బొత్తిగా పరాయిచోటు కాదు. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతములనుండి పోయి స్థిరపడిన తెలుగువారు అక్కడ చాలమంది ఉన్నారు. ముఖ్య పట్టణమైన పోర్టు బ్లెయిరుకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురము అని పేరు మార్చిరి. ఉష్ణమండలపు దీవులనగానే కొందరు అంగడికి పరుగెత్తి వేడికి తగిన క్రొత్త బట్టలు, టోపీలు, నల్ల కళ్ళద్దములు కొందురు. అయితే మన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములన్నియు కర్కటరేఖకు దక్షిణముననే, ఉష్ణమండలములోనే ఉన్నవి గదా! మనము పుట్టి పెరిగిన వేడికి క్రొత్తగా కొనవలసినదేమి? మన నూలు చీరయు, లుంగీయు, తువ్వాలును, గొడుగును అక్కడికిని చాలును.

అక్కడ నిజముగా వేరుగానున్నవి వానయు, ప్రొద్దును. మన కోస్తా జిల్లాలలో ఏటికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన కురియగా, శ్రీ విజయపురమున సుమారు 3,000 మిల్లీమీటర్లు కురియును. నైరుతి ఋతుపవనము కేరళకు జూను 1 ప్రాంతమున వచ్చును. ఆ దీవులకు మే మూడవ వారములోనే చేరును. కావున బడి సెలవులని మే నెల చివర పోయినవారు వానలో చిక్కుకొనవచ్చును. జనవరి మొదలు ఏప్రిలు వరకు నయము. ఇక గడియారము సంగతి. మన దేశపు గడియారములన్నియు కాకినాడకు దగ్గరగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖనుబట్టి నడచుచున్నవి. ఆ దీవులు అంతకు పది డిగ్రీలు తూర్పున ఉన్నందున, ప్రొద్దు సుమారు 40 నిమిషములు ముందు పొడిచి, ముందు గ్రుంకును. డిసెంబరులో సాయంకాలము 5 గంటల ప్రాంతముననే ప్రొద్దు గ్రుంకును. ఇది తెలిసిన తండ్రి పిల్లలను వేకువనే లేపి సముద్రతీరము చూపును. తెలియనివాడు చీకటిలో తీరమునకు చేరి ఇతరులమీద విసుగుకొనును. ముందు తెలిసికొనుటకు డబ్బు అక్కరలేదు; తెలిసినవారిని అడుగు వినయము చాలును.

సిద్ధపడుటలో రెండు తప్పుడు త్రోవలున్నవి. మొదటిది, “దేవుడే చూచుకొనును” అని చేతులు కట్టుకొనుట. ఇది వినుటకు విశ్వాసమువలె ఉండును. గాని సొలొమోను సోమరిని చీమయొద్దకు పంపెను. ప్రభువు చెప్పిన పదిమంది కన్యకల ఉపమానములో నూనె తీసికొనిపోనివారిని విశ్వాసులని గాక బుద్ధిలేనివారని పిలిచెను. తాను మాత్రలు మరచి, అర్ధరాత్రి తోడివారిని మందుల అంగడి వెదకుటకు పంపువాడు దేవునిమీద ఆధారపడుట లేదు, పొరుగువానిమీద ఆధారపడుచున్నాడు.

రెండవది, అన్నిటిని కట్టుకొనిపోవుట. దేశములోని విమానములలో సాధారణముగా ఒక్కొక్కరికి 15 కిలోల పెట్టెయు, 7 కిలోల చేతిసంచియు అనుమతింతురు. ఐదుగురున్న కుటుంబమునకు అది 110 కిలోలు. మన వడ్ల బస్తా 75 కిలోలైనచో, ఇది ఇంచుమించు బస్తాన్నర! నాలుగు దినముల విశ్రాంతికి బస్తాన్నర ఏల? అనుమతి యున్నదని నింపుదుము. ఏమగునో అని నింపుదుము. అరణ్యములో ఇశ్రాయేలీయులు మరునాటికని దాచుకొన్న మన్నా పురుగుపట్టెను. అయితే విశ్రాంతిదినమునకు ముందు దేవుని మాటచొప్పున రెండంతలుగా కూర్చుకొన్నది చెడిపోలేదు. దాచుకొనుట ఒక్కటే, మన్నా ఒక్కటే. భేదము ఎందులో నున్నది? ఒకటి భయముచేత దాచినది, మరియొకటి విధేయతచేత దాచినది.

లూకా సువార్తలోను ఇట్టిదే చూతుము. 9వ అధ్యాయములో ప్రభువు శిష్యులను సంచియు రూకలును లేకుండ పంపెను. 22వ అధ్యాయములో అదే ప్రభువు సంచి గలవాడు దానిని తీసికొనిపోవలెననెను. ఒక వేళకు ఒట్టి చేయి, ఒక వేళకు నిండు సంచి. కావున “ఇంతే పట్టుకొనిపోవలెను” అను జాబితా ఎవరును వ్రాసి ఈయలేరు. జాబితా లేకున్నను, ప్రతి వస్తువును పట్టుకొని అడుగదగిన మూడు ప్రశ్నలున్నవి.

మొదటి ప్రశ్న: ఇది లేకున్న మనలో బలహీనునికి హాని కలుగునా? కలుగునదైతే అదే ముందు సర్దవలెను. అవ్వకు రక్తపోటు మాత్రలు, తాతకు చక్కెర వ్యాధి మందు, ప్రయాణ దినములకు సరిపడునవియు, ఆలస్యమైన యెడల మరి నాలుగు దినములకును, వైద్యుని చీటితో సహా చేతిసంచిలో నుంచవలెను. ఇన్సులిన్ వాడువారు దానిని ఎండ తగులనీయరాదు, గడ్డకట్టనీయరాదు; విమానపు క్రింది గదిలోనికి పోవు పెట్టెలో ఉంచరాదు. పసిపిల్లలున్నచో ఓ.ఆర్.ఎస్. పొట్లములు, దోమతెర, పెద్దవారి కళ్ళజోడు, అందరి ఆధారు కార్డులు ఉండవలెను. చెన్నైనుండి ఓడపై పోవువారికి ప్రయాణము రెండున్నర మూడు దినములు పట్టును గనుక వాంతులకు మందును కావలెను. వీటిని ఆలోచించుట అల్పవిశ్వాసము కాదు. అపొస్తలుడైన పౌలు చెరసాలలో నుండి, తన మరణము సమీపించినదని యెరిగియు, తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో త్రోయలో కర్పునొద్ద విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మని కోరెను. చలికాలము రాకముందే రమ్మనెను. పరలోకమును గూర్చి అంతగా వ్రాసినవానికి చలికి అంగీ కావలసి వచ్చెను. అడుగుటకు అతడు సిగ్గుపడలేదు.

రెండవ ప్రశ్న: ఇది మన అక్కరకా, లేక ఇతరుల కన్నులకా? సముద్రపు ఉప్పుగాలిలో పట్టుచీర ఎవరికొరకు? దారిపొడుగున కంటిలో వత్తి వేసికొని కాయవలసిన బంగారు గొలుసు ఎవరికొరకు? ఊరికి తిరిగి వచ్చినపుడు చూపవలసిన ఫోటోలకొరకే గదా! రాహేలు తండ్రి యింటినుండి బయలుదేరునపుడు అతని గృహదేవతలను దొంగిలి, ఒంటె సామగ్రిలో పెట్టి, వాటిమీద కూర్చుండెను. సామానులో అడుగున దాచినదే ఆమె విడువలేనిది. మన పెట్టె అడుగునను అట్టివి ఉండవచ్చును.

ఇక్కడ అప్పును గూర్చి చెప్పకుండ ఉండలేము. పొరుగింటివారు పోయి వచ్చిరని అప్పుచేసి పోవువారున్నారు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు తెచ్చినచో, నెలకు 1,000, ఏటికి 12,000 రూపాయలు వడ్డీయే అగును; అసలు అట్లే ఉండును. నాలుగు దినముల విహారము ముగిసి పెట్టెలన్నియు అటకమీదికి ఎక్కినను, ఈ మూట మాత్రము భుజముమీదనుండి దిగదు. అట్టి కుటుంబము దగ్గరనున్న ఏటి ఒడ్డున, చద్ది కట్టుకొని ఒక దినము గడిపిన మేలు. విశ్రాంతికి దూరము కొలత కాదు.

మూడవ ప్రశ్న మిక్కిలి కఠినమైనది: దీనిని మోయువారెవరు? గలతీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో పౌలు ఒకరి భారము నొకరు మోయవలెనని చెప్పి, మూడు వచనముల తరువాత ప్రతివాడును తన బరువు తానే మోయవలెననెను. ఇది పరస్పర విరుద్ధము కాదు. గ్రీకులో అక్కడ రెండు వేరు మాటలున్నవి. మన తెలుగు బైబిలును మొదటిదానిని భారమని, రెండవదానిని బరువని వేరుపరచినది. మొదటిది మనిషిని క్రుంగదీయు భారము; రెండవది ఎవరికి వారు మోయదగిన మూట. ఈ రెండవ మాటనే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఓడ సరకును గూర్చియు వాడిరి. కావున తన మూట తాను మోయని యింటిలో, ఆ మూటలన్నియు చేరి ఒక్కరికి క్రుంగదీయు భారమగును.

ఆ ఒక్కరు ఎవరో మనకు తెలియును. అందరి బట్టలు ఉతికి మడత పెట్టునది తల్లి. తెల్లవారుజామున లేచి పులిహోర కలుపునది తల్లి. పచ్చడి జాడీ, కందిపొడి డబ్బా, రైస్ కుక్కరు గుర్తుపెట్టుకొని సర్దునదియు ఆమెయే. దీవికి పోయినను పొయ్యి ఆమెను విడువదు. సౌలు రాజుగా ఏర్పరచబడిన దినమున సామానులో దాగెను. మన యిండ్లలో కొందరు పురుషులు సామాను సర్దు వేళకు వీధి అరుగుమీద దాగుదురు! పిమ్మట ఏదైన మరచినయెడల, “ఇదియును గుర్తులేదా?” అని అడుగుటకు మాత్రము ముందుకు వత్తురు.

“బయట తిను ఖర్చు భరింపలేము; వండుకొనక తప్పదు” అని కొందరు చెప్పుదురు. ఇది నిజమే, బీద కుటుంబమునకు ప్రతి పూట ఖర్చు బరువే. గాని వండవలసి యున్నచో, అందరు కలిసి వండరాదా? తండ్రి కూరగాయలు తరుగరాదా? కుమారుడు గిన్నెలు తోమరాదా? ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతిదినపు ఆజ్ఞ ఇంటి యజమానునితో ఆగలేదు. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి, వీరినందరిని పేరుపేరున లెక్కించెను. తనవలెనే తన దాసదాసీలును విశ్రమింపవలెనని కారణమును చెప్పెను. ఒకరి విశ్రాంతికై మరియొకరు రెండంతలు పనిచేసిన యెడల, ఆ యింటిలో విశ్రాంతి జరుగలేదు. పని చేతులు మారినది, అంతే. కావున ఎనిమిదేండ్ల బిడ్డయైనను తన రెండు జతల బట్టలు తానే మడచి, తన చిన్న సంచి తానే మోయవలెను. మందుల బాధ్యత తండ్రి తీసికొనవలెను. తల్లి సంచి అన్నిటికంటె తేలికగా నుండవలెను.

వెనుక నిలిచిపోవువారిని గూర్చియు ఆలోచింపవలెను. మనము లేనపుడు గేదెకు మేత వేసి పాలు పితుకు పొరుగువాడు, దాళ్వా చేనికి నీరు పెట్టు పాలేరు, నడువలేక ఇంటియొద్దనే యుండు అవ్వ, వీరి కావలి లేనిది మన ప్రయాణమే లేదు. సిక్లగును దోచుకొనిన అమాలేకీయులను తరుముచు దావీదు పోయినపుడు, అలసిన రెండు వందలమంది బెసోరు వాగునొద్ద సామానుకు కావలి నిలిచిరి. జయించి వచ్చినవారిలో కొందరు వీరికి పాలు ఈయరాదనిరి. దావీదు ఒప్పుకొనక, యుద్ధమునకు పోయినవానికిని, సామానునొద్ద నిలిచినవానికిని సమభాగమని కట్టడ చేసెను. తిరిగి వచ్చిన తరువాత మనవారికి ఒక తాళపుచెవుల గొలుసు చేతిలో పెట్టి చాలుననుకొందుమా? పాలేరుకు అదనపు కూలి ఈయవలెను. అంతకంటె ముఖ్యముగా, మనకు నాలుగు దినములు సెలవైనపుడు అతనికిని అతని బిడ్డలతో గడుపుటకు సెలవు ఈయవలెను. అవ్వ ప్రక్కన కూర్చుండి చూచినదంతయు ఆమెకు చెప్పవలెను. అది ఆమె పాలు.

తీసికొనిపోరానివియు, తీసికొనిరారానివియు కొన్ని ఉన్నవి. అండమానులో జరావా అను ఆదిమజాతివారి అడవిగుండ ఒక రోడ్డు పోవుచున్నది. కొందరు ప్రయాణికులు వారిని చూచుటకును, బిస్కత్తులు విసరుటకును, ఫోటోలు తీయుటకును ప్రయత్నించిరి. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనయు, దాని పిమ్మటి సవరణలును దీనిని నిషేధించుచున్నవి. చట్టము లేకపోయినను, మనిషికి మనిషి వింత వస్తువు కాదు. మన పిల్లలకు ఎవరైన బండిలోనుండి తినుబండారము విసరి ఫోటో తీసినచో మనము ఓర్చుకొందుమా? ఆ ఉద్దేశముతో బిస్కత్తులు సంచిలో వేయువాడు ఆ సంచిలో అవమానమును సర్దుకొనుచున్నాడు.

అట్లే తీరమునుండి పగడములు ఏరి తెచ్చుకొనరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పగడములను, కొన్ని జాతుల గవ్వలను, శంఖములను రక్షించుచున్నది. ఖాళీ గవ్వయైనను వ్యర్థము కాదు. మెత్తని ఒడలుగల ఒకజాతి పీత అట్టి గవ్వలోనే కాపురముండును. మన అలమరలో అందముగా నుండునదని మరియొక ప్రాణి ఇంటిని తెచ్చుటకు మనకు ఏమి హక్కు? లోకములోనికి ఏమియు తేకుండ వచ్చితిమి, ఏమియు తీసికొనిపోలేము అని పౌలు తిమోతికి వ్రాసిన మాటను సమాధులయొద్ద వినుచున్నాము, సముద్రతీరమునను వినవలెను.

ఇంత సిద్ధపడినను, అన్నియు మనమనుకొన్నట్లు జరుగవు. తుపాను లేచినచో ఓడ ఆగును, విమానము ఆలస్యమగును. యాకోబు తన పత్రిక 4వ అధ్యాయములో ఫలాని పట్టణమునకు పోయి ఒక సంవత్సరముండి లాభము సంపాదింతుమని చెప్పుకొనువారిని హెచ్చరించెను. అతడు ఆలోచన చేయుటను తప్పుపట్టలేదు. రేపటిని తన సొత్తనుకొనుటను తప్పుపట్టెను. కావున ఒక దినము ఎక్కువ పెట్టుకొనుట, తిరుగు ప్రయాణపు డబ్బు ముట్టుకొనకుండ ఉంచుట బుద్ధి. అంతటితో మన ఆలోచనను దేవుని చేతిలో విడుచుట భక్తి. మొదట చెప్పిన శిష్యుల విశ్రాంతియు వారనుకొన్నట్లు సాగలేదు. దోనె ఒడ్డు చేరువేళకు జనులు ముందే వచ్చి నిలిచియుండిరి. ప్రభువు విసుగుకొనలేదు; వారిమీద కనికరపడెను. ఏర్పాటు తప్పిన వేళ మన ముఖము ఎట్లుండునో మన బిడ్డలు చూచుదురు. వారు ఇంటికి తెచ్చుకొను జ్ఞాపకము అదియే. పౌలు ప్రయాణము చేసిన ఓడ తుపానులో చిక్కినపుడు సరకును, సామగ్రిని, చివరకు గోధుమలను సముద్రములో పారవేసిరి, ఓడయు బద్దలాయెను. అయినను అందులోని 276 మందియు తీరము చేరిరి. పారవేయదగినది ఏదో, కాపాడదగినవారెవరో తెలిసియుండుటయే సిద్ధపాటు.

ప్రియులారా, మీరు ఎక్కడికి పోయినను, అరకుకైనను, అమ్మమ్మగారి ఊరికైనను, బయలుదేరు ముందటి సాయంకాలము సంచులన్నిటిని వసారాలో పెట్టుడి. మూతి కట్టకముందు కుటుంబమంతయు చుట్టు కూర్చుండి ఈ మూడు ప్రశ్నలు అడుగుడి. తీసివేయవలసినది తీసివేయుడి. ఎవరి సంచి వారు ఎత్తి చూచుకొనుడి. పిమ్మట ప్రార్థనచేసి నిద్రపొండి. మన మూట తేలికైనచో మనకు ఒక చేయి ఖాళీగా నుండును. దారిలో అలసినవాని మూటకు ఆ చేయి సాయపడును.